వారధి ఎక్కాలంటే భయం, హిప్నోథెరపీకి వెళ్ళొచ్చా? ముప్పై వేల ప్యాకేజీ అంటున్నారు

ఆటోనగర్_అబ్బాయి:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మాది తాడేపల్లి, పని విజయవాడ ఆటోనగర్ లో లారీ స్పేర్ పార్ట్స్ షాపులో. అంటే పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి కనకదుర్గ వారధి దాటాల్సిందే, ప్రకాశం బ్యారేజీ మీంచి తిరిగెళ్ళినా కింద ఉండేది ఆ కృష్ణే. చిన్నప్పట్నుంచీ ఎక్కి దిగిన వారధి, ఏనాడూ ఏ తేడా లేదు. 2024 సెప్టెంబర్ వరదలప్పుడు మొదలైంది అసలు కథ. బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, పడవలు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకున్నాయి అని ఒకటే వార్తలు, ఆ టైములో నేను బండి మీద వారధి మధ్యలో ట్రాఫిక్ లో ఇరుక్కున్నా. పక్కన లోడ్ లారీ కదిలితే కాళ్ళ కింద కాస్త అదిరినట్టు ఉంటుంది చూడండి, అది రోజూ ఉండేదే, కానీ ఆ రోజు కింద ఎర్రటి నీళ్ళు సుడులు తిరుగుతుంటే చూసి ఒక్కసారిగా గుండె దడదడా కొట్టుకుంది, వేళ్ళు తిమ్మిరెక్కాయి, గొంతు ఎండిపోయింది, ఇక్కడే పోతానేమో అనిపించింది. ఎలాగోలా అవతలికి వచ్చి వారధి దిగగానే ఒక టీ కొట్టు దగ్గర కూలబడ్డా.

సూర్యారావుపేటలో గుండె డాక్టర్ కి చూపించా, ఈసీజీ, ఎకో, ట్రెడ్ మిల్, థైరాయిడ్ అన్నీ నార్మల్. "ఏం లేదయ్యా, టెన్షన్ తగ్గించుకో" అన్నారు. ఆ టెన్షన్ ఎలా తగ్గించుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఇప్పుడు నా పరిస్థితి ఏంటంటే, షాపులో పనిచేసే తమ్ముడు బండి నడిపితే వెనక కూర్చుని కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం చదువుకుంటూ దాటుతున్నా. వాడు రాకపోతే బస్సు, అది కూడా కిటికీ పక్కన కూర్చోను. మా అత్తగారు దిష్టి తీయించారు, తాయెత్తు కూడా కట్టించారు, అదీ అయింది.

మొన్న ఒక కస్టమర్ కరపత్రం ఇచ్చాడు. హిప్నోథెరపీ అంట, అంటే హిప్నాటిజంతో వైద్యం. అందులో లిస్టు చూస్తే తల తిరిగింది: భయాలు, సిగరెట్, మందు, గుట్కా, నత్తి, పిల్లలు పక్క తడపడం, ఒబేసిటీ, నిద్ర పట్టకపోవడం, గ్యాస్, షుగర్, బీపీ, చదువులో ఏకాగ్రత, భార్యాభర్తల గొడవలు. అన్నీ ఒక్కాయనే చేస్తాడు. ఫోన్ చేస్తే ముప్పై వేల ప్యాకేజీ, ముందే కట్టాలి, హండ్రెడ్ పర్సెంట్ గ్యారంటీ అన్నారు. మీ క్వాలిఫికేషన్ ఏంటండీ అంటే "ఇంటర్నేషనల్ సర్టిఫైడ్" అని ఊరుకున్నారు.

నా డౌట్లు: ఇది నిజంగా పనిచేస్తుందా? ఆ మత్తులో మనం ఏటీఎం పిన్ను లాంటివి చెప్పేస్తామా? మళ్ళీ మెలకువ రాకపోతే? ఇంకోటి, మా నాన్న సిగరెట్లు మానట్లేదు, ఆయన్ని కూడా తీసుకెళ్తే పనవుతుందా? వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాత_బెజవాడ:

గురూ, ముప్పై వేలు కృష్ణలో కలిపినట్టే. మా చిన్నప్పుడు హిప్నాటిజం షోలు ఎన్ని చూశాం, స్టేజీ మీదకి ఎక్కిన వాడికి పచ్చి ఉల్లిపాయ ఇచ్చి యాపిల్ తినరా అంటే కరకరా నమిలేవాడు, జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. వాడు కిందకి దిగాక మళ్ళీ మామూలే. దాన్ని తీసుకొచ్చి ఇప్పుడు థెరపీ అని బోర్డు పెట్టేశారు. వారధి మీద నీ ముందు లారీని చూసుకుంటూ పో, కిందకి చూడకు, అంతే.

బ్రాడీపేట_పద్మ:

పాత బెజవాడ గారూ, కిందకి చూడకు అంటే తగ్గిపోయే భయమైతే ఆయన ఇంత పెద్ద పోస్టు పెట్టరు కదండీ.

నేను చేయించుకున్నా కాబట్టి చెప్తున్నా. నాది భయం కాదు, కడుపు. ఏళ్ళ తరబడి నొప్పి, ఉబ్బరం, పొద్దున్నే బాత్రూమ్ కి మూడు నాలుగు సార్లు, పెళ్ళికి వెళ్ళాలంటే ముందు అక్కడ బాత్రూమ్ ఎటు ఉందో చూసుకోవాలి. గుంటూరులో అందరూ చెప్పేదే నాకూ చెప్పారు, అమీబియాసిస్ అని. ఆ కోర్సులు మింగీ మింగీ నోరంతా ఇనుము రుచి. చివరికి కొత్తపేటలో ఒక గ్యాస్ట్రో డాక్టర్ కొలనోస్కోపీ, రక్తపరీక్షలు అన్నీ చేసి ఇది ఐబీఎస్ అమ్మా, పేగులో పుండు లేదు, పేగుకీ మెదడుకీ మధ్య సిగ్నల్ తేడా అని చెప్పి మందులు ఇచ్చారు, కొంత తగ్గింది, పూర్తిగా కాదు. అప్పుడు ఆయనే తెలిసిన సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఈ వరస గమనించండి, ముందు పరీక్షలు, తర్వాత మందులు, ఆ తర్వాతే ఇది.

ఎలా ఉంటుందో చెప్తా, ఎందుకంటే నేనూ లోలకం ఊపుతారేమో అని భయపడే వెళ్ళా. అలాంటివేం లేవు. వెనక్కి వాలే కుర్చీ, కర్టెన్ సగం వేశారు. కళ్ళు మూసుకోమని, పాదాల దగ్గర్నుంచి ఒక్కో భాగం వదులు చేసుకుంటూ రమ్మని, ఆవిడ మెల్లగా ఒకే గొంతుతో మాట్లాడుతూనే ఉన్నారు. తర్వాత అరచేయి పొట్ట మీద పెట్టుకోమన్నారు, ఆ చేతిలో వెచ్చదనం లోపలికి దిగుతున్నట్టు అనుకోమన్నారు, నిజంగానే వెచ్చగా అయింది. తర్వాత ఒక కాలువని ఊహించుకోమన్నారు. నాకు మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో కాలువ గుర్తొచ్చింది, ముందు గుర్రపుడెక్క అడ్డం పడి నీళ్ళు ఆగీ ఆగీ వస్తున్నట్టు, తర్వాత అది తొలగి ఒకే తీరుగా పారుతున్నట్టు. పేగు కూడా అలాగే నడుస్తోంది అని చెప్తారు. నిద్ర కాదండీ. బయట కూరగాయల బండివాడు అరుస్తున్నాడు, ఫ్యాన్ కిర్రుకిర్రుమంటోంది, అన్నీ వినపడుతున్నాయి, కావాలంటే లేచి బయటికి రావచ్చు, కానీ లేవాలని అనిపించదు. పిన్ను నంబర్లేమీ చెప్పేయం. మధ్యలో ఆవిడ ఫోన్ మోగితే నేనే కళ్ళు తెరిచి తీయండి అన్నా.

అదే మాటలు రికార్డు చేసి ఇచ్చారు, ఇంట్లో రోజూ వినాలి. మొదటి కొన్ని వారాలు ఏమీ తేడా లేదు, మా ఆయన "డబ్బులు పోసి నిద్రపోతున్నావు" అని దెప్పారు కూడా. తర్వాత్తర్వాత నొప్పి బాగా తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను, మిరపకాయ బజ్జీ తింటే ఇప్పటికీ తెలుస్తుంది, కానీ పెళ్ళిళ్ళకి వెళ్తున్నా, బాత్రూమ్ ఎటు అని అడగట్లేదు. డబ్బులు ఏ సిటింగ్ కి ఆ సిటింగే తీసుకున్నారు, ప్యాకేజీ గీకేజీ లేదు, గ్యారంటీ అనే మాట ఒక్కసారి కూడా ఆవిడ నోట రాలేదు.

క్లినిక్_కబుర్లు:

నేను క్లినికల్ సైకాలజిస్ట్ ని, ఈ చుట్టుపక్కలే పని చేస్తా. పద్మ గారు చెప్పింది కరెక్ట్, కడుపు మీద చేసే హిప్నోథెరపీకి నిజంగానే ఆధారాలున్నాయి. 1984లో మాంచెస్టర్ లో పీటర్ వోర్వెల్ అనే డాక్టర్, మందులకి లొంగని ఐబీఎస్ ఉన్న 30 మంది మీద చేసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు, చేతి వెచ్చదనం, పారే నీళ్ళ ఊహ అన్నీ ఆ పద్ధతిలోవే. బ్రిటన్ లో నైస్ అనే సంస్థ 2008 నుంచి గైడ్ లైన్స్ లోనే పెట్టింది, 12 నెలలు మందులు వాడినా తగ్గని ఐబీఎస్ వాళ్ళకి దీన్ని ఆలోచించండి అని. పళ్ళ డాక్టర్ దగ్గర భయం, ఆపరేషన్ ముందు కంగారు, కొన్ని రకాల నొప్పులు, వీటిలో కూడా మిగతా వైద్యానికి తోడుగా పనికొస్తుంది. తోడుగా అన్న మాట మీద దృష్టి పెట్టండి.

ఇక పాత బెజవాడ గారూ, స్టేజీ షోకి ఎక్కేవాళ్ళని ఆ మెజీషియన్ ముందే వడపోస్తాడండీ. చేతులు కట్టించి విడదీయమంటాడు చూడండి, విడదీయలేని వాళ్ళనే పైకి పిలుస్తాడు. మనుషుల్లో పదిమందికి ఒకరో ఒకరున్నరో చాలా తేలిగ్గా ఆ స్థితిలోకి వెళ్తారు, దాదాపు అంతే మందికి అసలు పట్టదు, మిగతా జనం మధ్యలో. దీన్ని కొలవడానికి స్టాన్ ఫోర్డ్ లో 1959లోనే ఒక స్కేలు తయారుచేశారు. అందుకే హండ్రెడ్ పర్సెంట్ గ్యారంటీ అన్నవాడు అక్కడే దొరికిపోయాడు, పట్టని వాళ్ళ సంగతేంటి మరి?

ఇప్పుడు ఆటోనగర్ తమ్ముడి విషయం. నువ్వు రాసింది చూస్తే వారధి మీద వచ్చింది పానిక్ అటాక్ (ఉన్నట్టుండి ముంచెత్తే విపరీతమైన భయం) లాగా ఉంది, తర్వాత మళ్ళీ వస్తుందేమో అన్న భయంతో వారధినే తప్పించుకుంటున్నావు. ఎదురుగా చూడకుండా ఇదే అని తేల్చి చెప్పను, ఒకసారి సైకియాట్రిస్ట్ కి చూపించుకో. కానీ ఇలాంటివాటికి ముందు చేయాల్సింది హిప్నాసిస్ కాదు, సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల వైద్యం, అందులో ఒక పద్ధతిని ఎక్స్ పోజర్ అంటాం. భయపడే దాని దగ్గరికి మెట్టు మెట్టుగా వెళ్ళి, పారిపోకుండా భయం దానంతటది దిగేదాకా అక్కడే ఉండటం. కుక్కలు, సాలీళ్ళు లాంటి ఒకే ఒక్క వస్తువు మీద భయానికైతే ఓస్ట్ అనే స్వీడన్ సైకాలజిస్ట్ 1989లోనే గరిష్ఠంగా మూడు గంటల ఒకే సిటింగ్ లో చేసి చూపించాడు. పానిక్ కి ఇంకా ఎక్కువ సిటింగులు పడతాయి, అవసరమైతే మందులు కూడా ఉంటాయి, వాటికి సిగ్గుపడక్కర్లేదు.

నీకు ఇబ్బంది ఎక్కడుందంటే, కళ్ళు మూసుకుని దాటడంలో. దండకం చదువుకో, దానికి నేను అడ్డు చెప్పను, కానీ కళ్ళు మూసుకున్న ప్రతిసారీ నీ మెదడు "కళ్ళు మూసుకున్నాను కాబట్టి బతికాను" అని లెక్క రాసుకుంటోంది. వారధి హైవే, అక్కడ ఆగి నిలబడటం ప్రమాదం, అందుకని ప్రాక్టీసుకి బ్యారేజీ మంచిది. ఆదివారం పొద్దున్నే తోడు మనిషితో సీతానగరం వైపు నుంచి నడిచి వెళ్ళి, మొదటి కొన్ని గేట్ల దాకా, రెయిలింగ్ దగ్గర నిలబడి నీళ్ళు చూడు. దడ మొదలవుతుంది, మొదలవ్వాలి కూడా. వెనక్కి పరిగెత్తకు. ఎక్కువగా 20 నిమిషాలో అరగంటో, మెల్లగా దిగుతుంది. దిగాకే వెనక్కి రా. అది అలవాటయ్యాక ఇంకొంచెం ముందుకి. తర్వాత వారధి మీద బండి వెనక కళ్ళు తెరుచుకుని, ఆ తర్వాత నువ్వే నడుపుతూ. ఇదంతా థెరపిస్ట్ తో ప్లాన్ వేసుకుని చేస్తే తొందరగా అవుతుంది. గుండె పరీక్షలు నార్మల్ వచ్చాయి కాబట్టే ధైర్యంగా చెప్తున్నా.

ఎవరి దగ్గరికి వెళ్ళాలంటే నేను అందరికీ చెప్పేది ఒకటే. హిప్నాసిస్ వాడకుండా కూడా ఆ సమస్యకి వైద్యం చేయగలిగిన వాళ్ళ దగ్గరే హిప్నాసిస్ చేయించుకోండి. పళ్ళ భయానికి డెంటిస్ట్ చేస్తే సరే, పానిక్ కి సైకాలజిస్టో సైకియాట్రిస్టో చేస్తే సరే. హిప్నాసిస్ ఒక్కటే వచ్చినవాడికి నీ భయం ఎందుకొచ్చిందో, అది భయమేనా, డిప్రెషనా, ఇంకేదైనా జబ్బా అని తేల్చే చదువు ఉండదు. 2003లో కేంద్ర ఆరోగ్య శాఖ కూడా రాష్ట్రాలకి రాసిన లేఖలో హిప్నోథెరపీ గుర్తింపు ఉన్న పద్ధతే, కానీ తగిన శిక్షణ ఉన్నవాళ్ళే చేయాలి అంది. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, అడగండి, తప్పేం లేదు, వాళ్ళ సైటులో చూసుకోవచ్చు కూడా. నిజమైన వాళ్ళెవరూ అడిగితే ఫీలవ్వరు.

షుగర్, బీపీ నయం చేస్తామన్న లైను గురించి వేరే చెప్పక్కర్లేదు అనుకుంటా. ఆ జబ్బులకి మందులు నయం చేస్తాయని ప్రకటన వేయడమే 1954 మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఆయన మాట విని షుగర్ మాత్రలు ఆపేసిన వాళ్ళు ఎంతమంది ఉంటారో అని భయమేస్తుంది.

కొత్తపేట_కుర్రోడు:

అన్నా మీ నాన్నగారి సిగరెట్ మ్యాటర్ నేను చెప్తా. నేను వెళ్ళా, ఇక్కడ కాదు, హైదరాబాద్ లో ఉన్నప్పుడు. కళ్ళు మూయించి సిగరెట్ వాసన అంటే కాలుతున్న ప్లాస్టిక్ వాసన అని చెప్పి చెప్పి, నిజం చెప్తున్నా, బయటికొచ్చాక సిగరెట్ తీస్తే అదే వాసన. భలే అనుకున్నా. కొన్ని వారాలు ముట్టలా. తర్వాత సంక్రాంతికి భీమవరం దగ్గర మా ఫ్రెండ్ ఊరికి వెళ్ళాం, కోడిపందాల బరి, రాత్రంతా మేలుకోవడం, చుట్టూ అందరి చేతిలో సిగరెట్లే, ఎవడో ఒకటి ఇచ్చాడు, ప్లాస్టిక్కూ లేదు ఏమీ లేదు, కమ్మగా ఉంది. అంతే. ఆ తర్వాత గవర్నమెంట్ క్విట్ లైన్ 1800-11-2356 కి చేశా, ఫ్రీ, వాళ్ళే డేట్ పెట్టుకోమని, మళ్ళీ మళ్ళీ వాళ్ళే ఫోన్ చేసి అడుగుతారు, దాంతో పాటు డాక్టర్ నికోటిన్ గమ్ ఇచ్చాడు. ఇప్పుడు తాగట్లా. మన గుంటూరులోనే పొగాకు బోర్డు పెట్టుకుని మనకి పొగాకు మాన్పించే వాళ్ళు దొరక్క తిరగడం ఏంటో అర్థం కాదు.

క్లినిక్_కబుర్లు:

మీ అనుభవం రీసెర్చ్ లో ఉన్నదానికి దగ్గరగానే ఉంది. 2019లో కోక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్ష సంస్థ వాళ్ళు స్మోకింగ్ మీద జరిగిన హిప్నోథెరపీ స్టడీలన్నీ కలిపి చూశారు, మిగతా పద్ధతుల కంటే బాగా పనిచేస్తుందని చెప్పడానికి తగిన ఆధారం దొరకలేదు. అసలు పనిచేయదు అని కాదు, అంత డబ్బు పోసేంత రుజువు లేదు అని. నాన్నగారికి ముందు గమ్, డాక్టర్ ఇచ్చే మాత్రలు, ఫోన్ కౌన్సిలింగ్. ఆయనకే మానాలని లేకపోతే అవి కూడా కష్టమే. కొడుకు ముప్పై వేలు కట్టాడు కదా అని ఎవరూ మానరు.

కొత్త_దారి:

ఇవన్నీ పైపైనవి బ్రదర్. నీళ్ళంటే ఇంత భయం అంటే కచ్చితంగా గత జన్మలో నీళ్ళలో పోయి ఉంటావు. పాస్ట్ లైఫ్ రిగ్రెషన్ చేయించుకో, మూలం తెలిస్తే భయం దానంతటది పోతుంది. మా కజిన్ కి చేశారు, తను రాజుల కాలంలో కోటలో ఉన్నట్టు కళ్ళకి కట్టినట్టు చెప్పింది.

పాత_బెజవాడ:

ఈ గత జన్మల్లో అందరూ రాజుల కోటల్లోనే ఎందుకుంటారో. మిర్చి యార్డులో బస్తాలు మోసినవాడు ఒక్కడూ తగలడు.

క్లినిక్_కబుర్లు:

నవ్వొచ్చింది కానీ విషయం సీరియస్. హిప్నాసిస్ లో ఉన్నప్పుడు మనిషి ఊహకీ జ్ఞాపకానికీ మధ్య గీత పలచబడుతుంది, అడిగేవాడు ఎటు నడిపిస్తే అటు కథ తయారవుతుంది, పైగా అది నిజమేనని గట్టి నమ్మకం కూడా కుదురుతుంది. 1985లోనే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ హిప్నాసిస్ తో గుర్తుకు తెచ్చిన జ్ఞాపకాలు నమ్మదగినవి కావని చెప్పింది. గత జన్మకి సైన్సులో ఆధారం లేదు, ఈ జన్మలో జరగని ఘోరాలు జరిగాయని నమ్మి అన్నదమ్ములతో, తల్లిదండ్రులతో తెగతెంపులు చేసుకునే ప్రమాదం కూడా ఉంది. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా లాంటిది ఉంటే, లేని మాటలు వినపడుతుంటే, వాళ్ళని ఇలాంటి వాటికి అసలు తీసుకెళ్ళొద్దు. ఈయన భయానికి 2024 వరద చాలు, వెనక జన్మలోకి వెళ్ళక్కర్లేదు.

చరిత్ర_పిచ్చోడు:

టాపిక్ కి కొంచెం పక్కగా. దీనికి మన దేశంలో పెద్ద కథే ఉంది. 1845లో బెంగాల్ లో హుగ్లీ దగ్గర జేమ్స్ ఎస్డెయిల్ అనే స్కాట్లండ్ సర్జన్ మెస్మెరిజంతో (హిప్నాటిజానికి పాత రూపం) మత్తు పెట్టి పెద్ద పెద్ద కణితులు కోసేవాడు, అప్పటికి మత్తు మందులు లేవు. తర్వాత ఏడాదే కలకత్తాలో దానికోసం ఆసుపత్రి ఇచ్చారు. ఈలోపు ఈథర్, క్లోరోఫామ్ వచ్చేశాయి, ఎవరికైనా పట్టే మత్తు దొరికాక కొందరికే పట్టే దీన్ని పక్కన పెట్టేశారు. పైన సైకాలజిస్ట్ గారు చెప్పిన "కొందరికి పట్టదు" అన్న పాయింటే అప్పుడూ దెబ్బ కొట్టింది.

ఆటోనగర్_అబ్బాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. ఆ కరపత్రం చించేశా. మంగళగిరి ఎయిమ్స్ మాకు ఇటువైపే కాబట్టి నది దాటే పని లేదు, అక్కడ సైకియాట్రీ ఓపీకి వెళ్దామని మా ఆవిడతో చెప్పా, "పిచ్చి డాక్టర్ దగ్గరికా, నలుగురూ ఏమనుకుంటారు" అంది, తర్వాత పద్మ గారి పోస్టు చదివి వినిపిస్తే సరే అంది. మా అత్తగారికి మాత్రం చెప్పలేదు. బ్యారేజీ మీద నడక ఈ ఆదివారం మొదలెడదామని తమ్ముణ్ణి అడిగా, టిఫిన్ నువ్వే పెట్టించాలి అన్నాడు.

ఇంకో రెండు డౌట్లు. ఓపీకి వెళ్ళేలోపు రాత్రిళ్ళు మరీ దడగా ఉంటే ఎవరితో మాట్లాడాలి? రెండోది, యూట్యూబ్ లో తెలుగులో హిప్నాసిస్ ఆడియోలు బోలెడు ఉన్నాయి, "భయం పోగొట్టే నిద్ర" అని. వారధి దాటేటప్పుడు ఇయర్ ఫోన్స్ లో అవి పెట్టుకుంటే?

బ్రాడీపేట_పద్మ:

వద్దండీ బాబూ! నాకిచ్చిన రికార్డింగ్ మొదట్లోనే "బండి నడుపుతూ, స్టవ్ దగ్గర వినకండి" అని ఉంది. ఇంట్లో మంచం మీద వినండి, అది కూడా మీ డాక్టర్ సరే అన్నాక. మీ ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి.

క్లినిక్_కబుర్లు:

పద్మ గారిదే నా మాట కూడా. బండి వెనక కూర్చున్నప్పుడు కూడా వద్దు, నువ్వు వారధి మీద పూర్తి మెలకువతో ఉండటమే ఇక్కడ మందు. రాత్రిళ్ళకి 14416, టెలీ మానస్ అనే గవర్నమెంట్ మానసిక ఆరోగ్య హెల్ప్ లైన్, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ. ఓపీకి వెళ్ళేటప్పుడు ఆ ఈసీజీ, ఎకో రిపోర్టులన్నీ పట్టుకెళ్ళు, లేకపోతే మళ్ళీ రాస్తారు. ఇంకోటి, టీలు ఎన్ని తాగుతావో రాయలేదు. ఆటోనగర్ లో పని అంటే నాకు అనుమానంగానే ఉంది, సగానికి తగ్గించు, ఆ దడలో కొంత దాని వాటా కూడా ఉండొచ్చు.

ఆటోనగర్_అబ్బాయి:

లెక్క పెట్టలేదు మేడమ్, కస్టమర్ వచ్చినప్పుడల్లా ఒకటి. తగ్గిస్తా.